ఆఖరి సీటు దాకా వెళ్లి ఎవరు చూస్తారు?

వచ్చే శుక్రవారం మళ్లీ మావాళ్ల సమావేశం ఉంది. ఇక్కడ బహ్రెయిన్‌లో మా పిల్లలు చదివే ఇండియన్ స్కూలుకి తల్లిదండ్రుల కమిటీ ఎన్నికలు రాబోతున్నాయి. ఆ ఎన్నికకు ముందు తెలుగువాళ్లం ఇంకో చిన్న ఎన్నిక పెట్టుకుంటాం. స్కూల్లో మలయాళీలు ఎక్కువ. తర్వాత గుజరాతీలు, తమిళులు, గోవావాళ్లు. అందరికంటే తక్కువ మేమే. మాలో ఇద్దరు నిలబడ్డారంటే ఉన్న కాసిని ఓట్లూ చీలిపోయి ఇద్దరూ ఓడిపోతారు. అందుకని ముందే ఎవరో ఒకరి ఇంట్లో కూచుని, మాలోంచి ఒక్కరిని తేల్చుకుని, ఆ ఒక్కరినే నిలబెడతాం. ఇంటికి ఒక చెయ్యి. భార్యాభర్తల్లో ఎవరో ఒకరే ఎత్తాలి.

పోయినసారి మా ఇంటి చెయ్యి నేను ఎత్తాను. ఎత్తింది సరైన మనిషికేనా అని అప్పటినుంచీ నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. ఈ ఏడు మా చిన్నవాడు కూడా బస్సు ఎక్కబోతున్నాడు. వాణ్ణీ పాపనీ పడుకోబెట్టి, రాస్తే ఏమైనా తేలుతుందేమోనని కూచున్నాను.

ముందు బస్సు సంగతి చెప్పాలి.

మేం ఉండేది నయీమ్‌లో. సందులు ఇరుకు కాబట్టి స్కూలు బస్సు లోపలికి రాదు. పెద్ద రోడ్డు మీద ఇరానీవాళ్ల రొట్టెల కొట్టు దగ్గర ఆగుతుంది. అప్పుడు పాప ఒకటో తరగతి. ఎండలు ముదురుతున్న రోజులు. చిన్నవాణ్ణి చంకనేసుకుని కొట్టు నీడలో నిలబడ్డాను. బస్సు ఆగింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు దిగారు. మా పాప దిగలేదు. నేను ముందుకు వెళ్లి "భాయ్, మేరీ బచ్చీ" అనేలోపే తలుపు మూసుకుని బస్సు వెళ్లిపోయింది. ఆ రోజు పాప స్కూలుకి రాలేదని డ్రైవరు అనుకున్నాడట.

రొట్టెల కొట్టతను నా మొహం చూసి తనే స్కూలుకి ఫోను చేశాడు. పాప బస్సెక్కిందని స్కూలువాళ్లు చెప్పారు. ఎక్కింది, దిగలేదు. ఆ రెండు ముక్కల మధ్య నేను ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. డ్రైవరు మిగతా పిల్లలందరినీ దించేసి, బస్సుని షెడ్డులో పెట్టి, ఓ కిటికీ తెరిచి ఉందని మూయడానికి వెనక్కి వెళితే, ఆఖరి సీటులో స్కూలు సంచీ మీద తల పెట్టుకుని పాప నిద్రపోతోంది. ఎవరిదో పికప్ బండి అడిగి తీసుకుని తనే పాపని తెచ్చి అప్పగించాడు. నా ముందు రెండు చెవులూ పట్టుకున్నాడు. పాప జుట్టంతా చెమటకి తడిసి నుదుటికి అంటుకుపోయింది. "అమ్మా, మళ్లీ స్కూలుందా?" అని అడిగింది.

డ్రైవరు మంచివాడే. ఆ కిటికీ మూసే ఉండుంటే అన్న మాటని మాత్రం నేను ఇప్పటిదాకా పూర్తి చెయ్యలేదు.

ఆ ఏడే కమిటీ ఎన్నిక వచ్చింది. మాలోంచి ఇద్దరు నిలబడతామన్నారు.

ఒకాయన బ్యాంకులో ఆఫీసరు. మేమంతా అన్నయ్యగారు అంటాం. చొక్కా మీద ఎప్పుడూ ఒక్క మడత కనపడదు. ఉగాది కార్యక్రమం ఆయన గొంతుతోనే మొదలై ఆయన గొంతుతోనే ముగుస్తుంది. ఇంగ్లీషు మాట్లాడితే దొరలు కూడా తల తిప్పి చూస్తారు. మలయాళీలని మలయాళంలో, గుజరాతీలని గుజరాతీలో పలకరిస్తాడు. ఏ ఇంట్లో ఏ పిల్ల ఏ తరగతో గుర్తుంటుంది. మావారి రెసిడెన్సు కాగితాలు ఒకసారి ఇరుక్కుపోతే తెలిసినవాళ్లతో చెప్పి బయటపడేసింది కూడా ఆయనే. అది మేం మరిచిపోలేదు.

రెండో ఆవిడ పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. గుంటూరు వైపు మనిషి. శుక్రవారాలు తెలుగు క్రైస్తవుల ప్రార్థనకి తప్పకుండా వెళుతుంది. అందరం అక్క అనే పిలుస్తాం, కానీ పిలవడానికి కాస్త జంకుతాం. గొంతు కీచుగా ఉంటుంది. ఉతికి ఉతికి రంగు వెలిసిన నైలాను చీరలు కడుతుంది. ఓసారి ఎవరో పుట్టినరోజు పార్టీలో ఒక తల్లి జ్వరం పిల్లకి కేకు తినిపిస్తుంటే చెంచా లాక్కుని, "ఆకలి దానిదా, సరదా నీదా?" అంది అందరి ముందూ. ఆ తల్లి తర్వాత ఆవిడ ఉన్న చోటికి రావడం మానేసింది. పిల్లకి మాత్రం మర్నాడు వాంతులు అయ్యాయని, అక్కే వెళ్లి చూసిందని విన్నాం.

మా ఇంటికి ముందు వచ్చింది అన్నయ్యగారు. వదినగారితో కలిసి ద్రాక్షపళ్లు తీసుకుని వచ్చాడు. వస్తూనే పాపని ఒళ్లో కూచోబెట్టుకున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"అన్నయ్యగారూ, పిల్లలందరూ దిగిపోయాక బస్సులో ఆఖరి సీటు దాకా వెళ్లి ఎవరు చూస్తారండీ?"

ఆయన పాప తల నిమిరాడు. "చెల్లెమ్మా, ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మీ వదిన్నడుగు. మీ పాప నా పాప కాదా? నేను కమిటీలో ఉండగా ఏ తల్లీ రోడ్డు మీద అలా నిలబడే పరిస్థితి రానివ్వను" అన్నాడు. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. నటన కాదు. ఆయన అలాంటి మనిషే. వాళ్లు వెళ్లాక నా గుండె మీంచి ఎవరో బరువు దించినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

మర్నాడు బట్టలు మడతపెడుతుంటే మావారు అడిగారు. "ఇంతకీ ఏం చేస్తానన్నాడు?"

చెప్పబోయాను. చెప్పడానికి ఏమీ లేదు. ఆయన నా బాధని నాకంటే బాగా చెప్పాడు, అంతే.

అందుకని నేనే అక్క క్వార్టర్సుకి వెళ్లాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది. కాళ్లు బల్ల మీద పెట్టుకుని కంచం ఒళ్లో పెట్టుకుని తింటోంది. కూర్చోమని అనలేదు. నేనే కూచుని అదే ప్రశ్న వేశాను.

"ఎవరూ చూడరు," అంది నములుతూనే. "డ్రైవరు చూడాలంటావు. ఆడు పొద్దున్నించీ ఆ ట్రిప్పు, ఈ ట్రిప్పు, ఓవర్‌టైం చేసి, కళ్లు మూతలు పడతా ఉంటే దిగి పోతాడు. బస్సుకో ఆయా ఉండాలి. పిల్లల్ని పేరు పేరునా ఎక్కించాలి, పేరు పేరునా దించాలి, చివర బస్సంతా చూసి మరీ దిగాలి. ఆయాకి జీతమియ్యాలి. బస్సు ఫీజు పెరుగుద్ది."

"ఎక్కువ పెరుగుతుందా అక్కా?"

"కొంచెమే. పెరుగుద్ది గానీ." అని కంచం పక్కన పెట్టింది. "పిల్ల రాత్రి ఎప్పుడు పడుకుంటది?"

వాళ్ల నాన్న షిఫ్టు నుంచి వచ్చేదాకా మేలుకుని ఉంటుందని, ఆయన్ని చూడందే పడుకోదని చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాననుకుంటాను.

"అదీ సంగతి. నిద్ర చాలక పడుకుంది. తప్పంతా బస్సుదే అనుకున్నావా? తొమ్మిదో తరగతి పిల్లలు కూచునే ఆఖరి సీటుకి ఒకటో తరగతి పిల్ల ఎందుకెళ్లింది? ముందు కూచోమని చెప్పావా?"

చెప్పలేదు. నా మొహం ఎర్రబడింది. ఏదో అని లేచి వచ్చేశాను. టీ అన్నా ఇవ్వలేదు. దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను. పిల్ల పోయినంత పనై బతికి బయటపడితే, తల్లితో మాట్లాడే తీరు ఇదా అనుకున్నాను.

నేను బి.ఏ.లో రాజనీతి శాస్త్రం చదివాను. అభ్యర్థి రూపమూ మాటకారితనమూ కాదు, కార్యక్రమం చూసి ఓటు వేసేవాడే ఉత్తమ పౌరుడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ ఆ కార్యక్రమం మన మొహం మీదే తలుపు వేసినట్టు మాట్లాడుతుందనీ, రెండోవైపు మనిషి మన పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుంటాడనీ ఆ పాఠంలో లేదు. ఆ రోజుల్లో నాకు అన్నయ్యగారి మీద గౌరవం తగ్గలేదు, అక్క మీద ఇష్టం పెరగలేదు. కానీ పాప ఆ రాత్రి నుంచే తొందరగా పడుకోవడం మొదలుపెట్టింది. ముందు సీటులో కూచోవాలని చెప్పి పంపాను. ఆవిడ మాట నచ్చకుండానే ఆవిడ చెప్పింది చేస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

సమావేశం రోజు మావారికి మామీర్ వైపు ప్లాంటులో డ్యూటీ పడింది.

"నువ్వెళ్లు. అన్నయ్యగారికే ఎత్తు," అన్నారు బూట్లు వేసుకుంటూ.

"ఆయన ఏం చేస్తారో చెప్పలేదు కదండీ."

"చెయ్యాలంటే ముందు గెలవాలిగా? ఆవిణ్ణి నిలబెడితే మలయాళీలు కాదు, మనవాళ్లే వెయ్యరు. ఇంటర్వ్యూకి చిరిగిన చొక్కా వేసుకుని వెళతామా?"

"చొక్కా ఉద్యోగం చెయ్యదు కదా."

"చొక్కా లేకపోతే ఉద్యోగమే రాదు."

ఆయన ఊరికే అనలేదు. అక్క నిలబడితే ఓడిపోతుంది. ఓడిపోయిన మనిషి దగ్గర ఎంత మంచి ఆలోచన ఉన్నా బస్సులోకి ఆయా ఎక్కదు. గెలిచే మనిషి దగ్గర ఆలోచనే లేకపోతే కూడా ఎక్కదు. మెట్లు దిగుతూ, టాక్సీలో కూచుని, అక్కడ చెప్పులు విప్పుతూ కూడా ఈ రెండే తిప్పి తిప్పి ఆలోచించాను.

సమావేశం మాలో అందరికంటే పెద్దాయన ఇంట్లో జరిగింది. రిఫైనరీలో కెమిస్టు. మగవాళ్లు హాల్లో, ఆడవాళ్లం లోపలి గదిలో చాప మీద. మధ్యలో తలుపు తీసే ఉంటుంది. అక్క ఒక్కతే హాల్లో కుర్చీ లాక్కుని మగవాళ్ల మధ్య కూచుంది. "చూశారా" అన్నట్టు లోపల ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా పక్కన అన్నయ్యగారి భార్య కూచుంది. నా చిన్నవాణ్ణి తనే ఎత్తుకుని ఆడిస్తోంది.

మావాళ్లకి ఒక పట్టుదల ఉంది. చేతులెత్తడం ఇష్టం ఉండదు. ఏకగ్రీవం కావాలి. చేతులెత్తితే కొట్టుకున్నట్టు లెక్క, పదిమందిలో పరువు పోయినట్టు లెక్క. అందుకని ఇద్దరు నిలబడితే ఒకరిని బతిమాలి తప్పిస్తారు. తప్పుకున్నవాళ్లని బాగా పొగిడి, రెండోవారి పేరు వాళ్ల చేతే ప్రతిపాదింపజేసి, తర్వాత పులిహోర పెడతారు.

"అమ్మా," అన్నాడు పెద్దాయన అక్కతో, "నీ సేవ మాకు తెలీదా. ఈసారికి నువ్వు పెద్ద మనసు చేసుకుని తప్పుకున్నావంటే ఏకగ్రీవం అయిపోతుంది."

"తప్పుకుంటా. ఈయన ఏం చేస్తాడో ఒక్క ముక్క చెప్పమనండి, తప్పుకుంటా."

"ముందు మనిషిని తేల్చుకుందాం తల్లీ. పనులు తర్వాత."

"పని తెలీకుండా మనిషినెట్టా తేలుస్తారు?"

"అక్క సూది తెచ్చిందిరోయ్, చొక్కా చేతులు మడవండి," అన్నారెవరో. అందరూ నవ్వారు. అక్క కూడా కాస్త నవ్వింది. పెద్దాయన గొంతు సవరించుకుని, "మరైతే ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు. మావాళ్లలో అలా అడిగాక ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోతే అయిపోయినట్టే.

నేను లేచాను. ఎందుకు లేచానో, ఏ ధైర్యంతో లేచానో చెప్పలేను. గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"అన్నయ్యగారిని ఒక మాట అడగాలండీ. పిల్లలు దిగిపోయాక బస్సులో ఆఖరి సీటు దాకా వెళ్లి ఎవరు చూస్తారు?"

ఆయన లేచి నిలబడి, నన్ను చూస్తూ, ఒక తల్లి ఎండలో నిలబడటం గురించి మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడాడంటే నా వెనక గదిలో ఒకామె ముక్కు చీదుకుంది. చప్పట్లు మోగాయి. అవి ఆగాక నేను మళ్లీ అడిగాను.

"వెళ్లి చూసేది ఎవరండీ?"

ఆయన చిరునవ్వు అలాగే ఉంది. "అందరికీ ఆమోదమైన పద్ధతి కమిటీలో చర్చిద్దాం చెల్లెమ్మా. ఒక్కటి మాత్రం చెబుతున్నా. బస్సు ఫీజు ఒక్క ఫిల్సు కూడా పెరగనివ్వను. ఇది నా మాట."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

అప్పుడు కరీంనగర్ వైపు ఒకాయన లేచాడు. కంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు. వాళ్ల ముగ్గురు పిల్లలూ మా పాప ఎక్కే బస్సులోనే వెళతారు.

"నాకు ముగ్గురు. ముగ్గురూ బస్సులనే పోతరు. నువ్వు చెప్పే ఆయా జీతం నా మీద పడ్తదా అక్కా?"

"పడుద్ది."

"జర తక్కువ చేసి చెప్పరాదు?"

"తక్కువ చేసి చెప్తే తక్కువ పడుద్దా?"

"ఏందక్కా, ఓటు అడుగుతున్నవా, బిల్లు ఇస్తున్నవా?"

"బిల్లే. నేను ముందిస్తన్నా. ఆయన తర్వాత ఇస్తాడు."

గది గదంతా నవ్వింది. ఆ సూపర్‌వైజరు అందరికంటే గట్టిగా నవ్వి కూచున్నాడు. ఇక ఏకగ్రీవం కుదరదని పెద్దాయనకి అర్థమై, అయిష్టంగానే చేతులెత్తమన్నాడు. అన్నయ్యగారికి హాలంతా చేతులే. సూపర్‌వైజరు చెయ్యి కూడా. అక్కకి ప్రార్థనకి వచ్చే ఒక జంట తరఫున ఒకటి, ఇంకో మూల నుంచి ఒకటి లేచాయి. గుమ్మంలోంచి నాది.

పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. "మీ ఆయనకి తెలుసా అమ్మా?"

"ఇవాళ మా ఇంటికి నేనే వచ్చానండీ," అన్నాను.

వెనక్కి తిరిగితే అన్నయ్యగారి భార్య నా కొడుకుని ఒళ్లో పెట్టుకుని నా వంకే చూస్తోంది. వాడి నోటికి అంటిన బిస్కెట్టు తన చీర కొంగుతో తుడిచి నాకు అందించింది. తిట్టినా బాగుండేది.

అక్క మాత్రం మామూలుగా లేచి, అన్నయ్యగారి పేరు తనే ప్రతిపాదించి, పులిహోర పెట్టించుకుని, నూనె ఎక్కువైందని చెప్పి తినేసింది. నా దగ్గరికి వచ్చి మెచ్చుకుంటుందేమోనని చూశాను. రాలేదు. బయట చెప్పులు వేసుకుంటుంటే అన్నయ్యగారే వచ్చాడు. "నేనేమన్నా తప్పు మాట్లాడానా చెల్లెమ్మా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. లేదని తల ఊపాను. మావారు ఇంటికొచ్చి విని, కోప్పడలేదు. "ఆయనకి మొహం ఎలా చూపించను?" అని మాత్రం రెండు మూడుసార్లు అన్నారు.

అన్నయ్యగారు పెద్ద ఎన్నికలో సునాయాసంగా గెలిచాడు. మావారు చెప్పినట్టే అన్ని భాషలవాళ్లూ వేశారు. పని చెయ్యలేదని అనను. చల్లటి నీళ్ల కూలర్లు పెట్టించాడు. వార్షికోత్సవం ఎన్నడూ లేనంత బాగా జరిగింది. బస్సుల విషయం కూడా కమిటీ ముందుకు తెచ్చాడు. ఆయాలని పెట్టాలంటే ఫీజు పెంచాలని కమిటీ అంది. పెంచనని మా అందరి ముందూ మాటిచ్చి ఉన్నాడు. ఆ మాటకి కట్టుబడ్డాడు. మంచివాడు కాబట్టే కట్టుబడ్డాడు. బదులుగా, దిగే ముందు డ్రైవర్లు బస్సంతా చూడాలని కాగితం అంటించారు. కొన్నాళ్లు మా డ్రైవరు చూశాడు. తర్వాత అతను మారి ఇంకొకతను వచ్చాడు. నేను రొట్టెల కొట్టు దగ్గర నిలబడి రోజూ అతన్నే చూస్తున్నాను. వెనక్కి తల తిప్పుతాడు. కూచున్న చోటి నుంచే.

నర్సక్క కాంట్రాక్టు అయిపోయి సౌదీ వెళ్లిపోయింది. వెళ్లే ముందు కూరగాయల మార్కెట్టులో కనిపించింది. పిల్లల బండిలో నిద్రపోతున్న చిన్నవాణ్ణి చూసి, "ఈడు నిద్రమొహం. ఈణ్ణి కూడా ఆ బస్సే ఎక్కిస్తావా?" అని అడిగి, బెండకాయలు విరిచి చూస్తూ పక్క బుట్ట దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఆవిడకి ఎన్నడూ కృతజ్ఞత చెప్పలేదు. చెప్పినా ఆవిడకి చిరాకే పుట్టేది.

నిజంగానే వాడు నిద్రమొహం. టాక్సీ కదిలితే చాలు, మలుపు తిరిగేలోపు నిద్రపోతాడు. ముందు సీటులో కూచోబెట్టినా జారి కింద పడుకుంటాడు. పాప వాణ్ణి చూసుకుంటుందిలే అని అందరూ అంటున్నారు. పాపకి ఎనిమిదేళ్లు.

ఈసారి మాలో అన్నయ్యగారికి పోటీ ఎవరూ లేరు. మొన్న సాయంత్రం మళ్లీ మా ఇంటికి వచ్చాడు. "ఈసారైనా నీ చెయ్యి నాకేనా చెల్లెమ్మా?" అన్నాడు నవ్వుతూ. మావారు ఇబ్బందిగా కదిలారు. నేను టీ పెట్టి తెచ్చి, ఇన్నాళ్లు ఆలోచించుకున్న ప్రశ్న వేశాను. బస్సు గురించి కాదు.

"ఈసారి మాలో ఎవరికి కోపం తెప్పిస్తారు అన్నయ్యగారూ?"

ఆయన నవ్వబోయి ఆగాడు. కప్పు కింద పెట్టాడు. ఏ మొహం పెట్టాలో ఆయనకి తోచకపోవడం నేను మొదటిసారి చూశాను.

"నిజం చెప్పనా? నాకు ఎవరికీ కోపం తెప్పించడం చేతకాదమ్మా. మొదట్నించీ అంతే. ఫీజు మాట నేనెత్తలేను. ఎత్తితే గెలవను కూడా. కానీ మన సమావేశంలో ఇంకెవరైనా ఎత్తి, సగం మందైనా సరే అన్నారనుకో, ఇక నేను వెనక్కి తగ్గను. కమిటీ ముందు దాన్ని ఎవరూ కాదనలేనట్టు చెబుతాను. అది మాత్రం నాకు చేతనవును."

ఆయన వెళ్లాక చాలాసేపు ఆ మాటలే ఆలోచించాను. మొదట కోపం వచ్చింది. నాయకుడంటే ముందు నడవాలి గాని, మనం ముందు నడిస్తే వెనక అందంగా నడుస్తానంటాడేమిటి? అక్క ఉంటే ఈసడించుకునేది. కానీ ఆలోచించిన కొద్దీ, పోయినసారి నేను ఇద్దరు మనుషుల్నే తూచాను తప్ప గదిలో కూచున్న మిగతావాళ్లని తూచలేదని అనిపించింది. అక్క చెప్పింది నిజమే. కానీ గది సిద్ధంగా లేదు. ఆ గదిని సిద్ధం చేసే పని అక్కా చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. నేను ఒక చెయ్యి ఎత్తి, ఎత్తానని ఇన్నాళ్లు లోలోపల తృప్తిపడ్డాను.

అందుకని నిన్న ఆ సూపర్‌వైజరు వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఇంట్లో లేడు. ఆయన భార్య రొట్టెలు చేస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"నువ్వు గా నర్సుకు చెయ్యెత్తినవట గద. మా ఆయన ఇంటికొచ్చి ఒకటే నవ్వుడు."

శుక్రవారం ఆయా మాట, ఫీజు మాట నేనే ఎత్తబోతున్నానని చెప్పాను. తగ్గించి చెప్పాలని నాలిక దాకా వచ్చింది. చెప్పలేదు. ఎంత పెరుగుతుందో అంతే చెప్పాను.

"ముగ్గురికా?"

"ముగ్గురికీ."

"మా ఆయన ఒప్పుకోడక్కా. గల్ఫుకొచ్చి ఇన్నేండ్లాయె, ఊళ్లె ఇల్లు ఇంక గోడల కాన్నే ఉన్నది." రొట్టె తిరగేసింది. "చిన్నది రోజూ బస్సులనే పండుకుంటది. పెద్దోడు లేపుకొస్తడు. గీ ఏడు అయిపోతె పెద్దోణ్ణి చదువుకు ఊరికి తోలుతున్నం" అంది.

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చి ఆమె గబుక్కున తీసింది.

"రేపు పొద్దుగూకినంక రా. ఆయనుంటడు. నువ్వే చెప్పు. నేను పక్కన కూసుంట."

ఇవాళ వెళ్లాను. ఆయన అంతా విన్నాడు. ముగ్గురు పిల్లల్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "బిల్లు నువ్వు తెచ్చినవా గీసారి?" అన్నాడు. నవ్వలేదు. ఆయన భార్య చెప్పినట్టే పక్కన కూచుంది. చిన్నపిల్ల ఆమె ఒళ్లో అప్పటికే నిద్రపోయింది.

"నేను సరే అన్న అని ఎవరికీ చెప్పకు," అన్నాడు చివరికి. "శుక్రవారం అందరి ముంగట నువ్వే లేసి అడుగు. నేనైతే ఎదురు మాట్లాడ. ఎవడన్న మాట్లాడితె, నాకు ముగ్గురున్నరు, నాకే లేని బాధ నీకేందిరా అని అంట."

ఇంతవరకు అయింది. ఇంకా చాలా ఇళ్లు మిగిలాయి. రేపు హిద్‌లో ఉండేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్లకి కారుంది, పిల్లల్ని ఆ ఇంటాయనే స్కూల్లో దింపుతాడు. వాళ్లకి ఈ బస్సుతో పనే లేదు. ఫీజు పెరిగినా పెరగకపోయినా ఒకటే, ఆయా ఎక్కినా ఎక్కకపోయినా ఒకటే. అలాంటివాళ్ల దగ్గర మాట ఎక్కడ మొదలుపెట్టాలో నాకింకా తోచలేదు.